ఎర్నమ్మకు మూడు రివిజన్లు

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి:

ముప్పై టోపీలనూ స్పిరిట్‌తో తుడవాలి.
దాత టోపీకి తీగలన్నీ అందుతున్నాయో లేదో చూడాలి.
'జీవన సిద్ధత ప్రయోగశాల' అన్న బోర్డుకు బంతిపూల దండ కట్టించాలి.
టైంటేబుల్లో గణితానికీ రసాయనశాస్త్రానికీ మధ్య నలభై నిమిషాల జీవితాన్ని ఇరికించాలి.
తల్లిదండ్రులకు నూట యాభై కుర్చీలు, సమోసాలు.
దాతకు కొత్త చీర. వెలిసిన చీరతో ఫొటో బాగుండదన్నారు.
దాత వేలిముద్రలు, మూడు కాగితాల మీద.
తనకు భయమేమీ లేదని దాత చేతే వీడియోలో చెప్పించాలి.

అన్నీ చేశాను. దాత మా చిన్నమ్మ.

పేరు ఎర్నమ్మ. మా అమ్మకు చెల్లెలు. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముందు కబురు ఆవిడకు వెళ్లేది, తర్వాత డాక్టరుకు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తోడు వెళ్లే మనిషి ఆవిడే. ఏ గుమ్మం దగ్గర చీటీ రాయించాలో, ఏ వార్డులో ఆయమ్మను ఏమని పిలవాలో, ఏ డాక్టరును గుచ్చి అడగాలో, ఎవరి ముందు నోరు మూసుకోవాలో ఆవిడకు తెలుసు. మనిషి ముఖం చూసి ఇది వరండాలో ఆగే జబ్బో ఆగని జబ్బో చెప్పేది. ఆగనిదైతే స్ట్రెచరు కోసం చూసేది కాదు. బెంచీతో సహా ఎత్తించేది. పోయినవాళ్ల సంగతి ఇంటివాళ్లకు చెప్పే పని కూడా ఆవిడదే. ఇరవై ఆరేళ్లు ఈ పని చేసింది. ఒక్క అక్షరం రాదు.

నేను పనిచేసే సంస్థ పేరు శిఖర. విశాఖపట్నంలోనే, కొండ పక్కన ఆరంతస్తుల భవనం, కిటికీలకు ఇనుప చట్రాలు. జూన్‌లో లోపలికి వెళ్లిన పిల్లలు వేసవి సెలవులకు బయటికి వస్తారు. అక్కడి పిల్లలకు రానిది లేదు, ప్రశ్న కింద నాలుగు జవాబులు ఇస్తే.

రెండేళ్ల కిందట మా సంస్థ ర్యాంకరొకడు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తండ్రికి గుండెనొప్పి వచ్చింది. కుర్రాడు కంగారుపడి కాలేజీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాడు. వాళ్లు రోల్ నంబరు అడిగారు. చెప్పాడు. ఏ సబ్జెక్టులో సందేహమని అడిగారు. తండ్రి దక్కలేదు. సంగతి పత్రికల్లో వచ్చింది. శిఖర పిల్లలకు బతకడం రాదని ఊరంతా నవ్వింది.

దీనికి పెద్ద మందు అక్కర్లేదు. స్టాఫ్ మీటింగులో తెలుగు మాస్టారు ఆ మాటే అన్నారు: "ఆదివారాలు గేటు తీసి పిల్లల్ని బజారుకు పంపుదాం సార్. కూరగాయలు కొనుక్కొస్తారు, బస్సెక్కుతారు, ఒకటి రెండుసార్లు తప్పిపోతారు. వచ్చేస్తుంది." ఆ మాస్టారు ఇప్పుడు మా సంస్థలో లేరు.

మా కరస్పాండెంటు చక్రపాణి గారు గేటు తీయలేదు. జీవితాన్నే లోపలికి తెప్పించారు. డాక్టర్ సుభాషిణి గారు మెదడు మీద పరిశోధన చేస్తూ యంత్రానికి స్థలం దొరక్క తిరుగుతుంటే నాలుగో అంతస్తు ఇచ్చి, అనుభవమున్న మనుషుల్ని వెతకమన్నారు. అనుభవమున్న మనుషులెవరో చక్రపాణి గారికి తెలియదు. నన్ను అడిగారు. నేను ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, మా ఇంటి నుంచి డిగ్రీ చదివిన మొదటి మనిషిని. అడిగినదానికి జవాబు చెప్పడం నాకు అలవాటు. చిన్నమ్మ పేరు చెప్పాను.

మొదటిరోజు డాక్టరుగారు ఆవిడ తలకు టోపీ పెడుతూ నెమ్మదిగా వివరించారు.

"జ్ఞాపకం అంటే పెట్టెలో పెట్టిన చీరలాంటిదమ్మా. మీరు తలుచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని మడత విప్పి, మళ్లీ మడత పెడుతుంది. విప్పి ఉన్నప్పుడు మేం అచ్చు తీసుకుంటాం. ఆ అచ్చు పిల్లలకు పెడతాం. మీకు తెలిసింది వాళ్లకూ తెలుస్తుంది."

"ఇప్పిన సీర మీరట్టుకుపోతే నానేటి మడతెట్టుకోవాల?" అంది చిన్నమ్మ.

డాక్టరుగారు నవ్వారు. "పట్టుకుపోం. ఒకసారికి కాస్త నలుగుతుంది, అంతే. ఒక్కో సంగతి ఒక్కసారే అడుగుతాం."

"నలిగితే నలిగినాది. గుంటలు బాగుపడితే సాలు." మా వైపు గుంటలంటే పిల్లలు.

మొదటి యూనిట్ పేరు 'చీటీ గుమ్మం'. ఎప్పుడో పాము కరిచిన కుర్రాణ్ని తీసుకువెళ్లి, రెండు వందల మంది వరసను దాటి చీటీ రాయించిన సంగతి చిన్నమ్మ చెప్పింది. పక్క గదిలో ముప్పై మంది పిల్లలు టోపీలు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నలభై నిమిషాల తర్వాత బయటికొచ్చినప్పుడు వాళ్ల నడక మారిపోయింది. మోక్షిత అనే పదో తరగతి అమ్మాయి, మూడేళ్లుగా అటెండరు ముఖం కూడా చూడని పిల్ల, ఆయన దగ్గర ఆగింది.

"ఏటి బాబూ, కాలు ఈడుస్తున్నావు? ముల్లిరిగిందేటి?"

అటెండరు బిత్తరపోయాడు. నిజంగానే నాలుగు రోజులుగా ఆయన కాల్లో ముల్లు ఉంది.

చక్రపాణి గారు ఇదంతా అద్దంలోంచి చూశారు. ముఖం చిట్లించారు.

"డాక్టరుగారూ, ఈ యాస తీసేయలేమా? పేరెంట్స్ ఏమనుకుంటారు?"

"యాస తీస్తే తెలివి కూడా పోతుందండీ. రెండూ కలిసే ఉన్నాయి."

"అయితే పరీక్షలో మాత్రం రాయొద్దని చెప్పండి."

అవును, పరీక్ష. జీవితానికి కూడా శనివారం స్లిప్ టెస్టు పెట్టారు. ముల్లు ఉందని కనిపెట్టిన పిల్లల చేతికి ఇలాంటి కాగితం ఇచ్చారు: 'చీటీ రాసే గుమాస్తా విసుగుకొన్నచో మీరు చేయవలసినది: అ) ఫిర్యాదు చేయుట ఆ) బతిమాలుట ఇ) మౌనము వహించుట ఈ) పైవేవీ కావు'. మోక్షిత నాలుగింటినీ కొట్టేసి, 'ఆయన ముఖం చూడకుండా చెప్పలేను' అని రాసింది. సున్నా వేశారు. ఆ కాగితాలు దిద్దింది నేనే. కీ ప్రకారం దిద్దాను.

సగటు యాభై నాలుగు వచ్చింది. చక్రపాణి గారు మమ్మల్ని పిలిచారు.

"రివిజన్ ఎన్నిసార్లు చేయించారు?"

డాక్టరుగారికి అర్థం కాలేదు. "రివిజన్ ఎందుకండీ? పిల్లలకు ఒకసారి చాలు. పైగా యంత్రంలో అచ్చు ఒక రోజుకు మించి నిలవదు. మళ్లీ కావాలంటే ఆవిడ చేత మళ్లీ తలిపించాలి. ఒకే జ్ఞాపకాన్ని పదేపదే తీస్తే..."

"చూడండమ్మా, ముప్పై ఏళ్లుగా ఈ సంస్థలో మూడు రివిజన్లు లేకుండా ఏ పాఠమూ పరీక్షకు పోలేదు. ఆవిడకు మాత్రం నష్టమేముంది? చదివేకొద్దీ ఎవరికైనా గట్టిపడుతుంది కానీ పోతుందా? ఏం హైమా?"

నేను తల ఊపాను.

ఆయనకు భయపడి ఊపలేదు. నమ్మి ఊపాను. నేను డిగ్రీ పాసైంది అలాగే. మూడుసార్లు చదివితే గట్టిపడుతుంది. చదువు గురించి నాకు తెలిసినదల్లా అదొక్కటే. డాక్టరుగారు నా వైపు ఒకసారి చూసి, కాగితం మీద సంతకం పెట్టారు. పెట్టకపోతే నాలుగో అంతస్తు పోతుంది. పెద్ద చదువు చదివినవాళ్ల భయం కూడా చిన్నదేమీ కాదు.

రెండోసారి తీసినప్పుడు చిన్నమ్మకు పాము కరిచిన కుర్రాడి పేరు గుర్తురాలేదు. మూడోసారి వాడు ఎవరి కొడుకో గుర్తురాలేదు. "ఎవులో ఒకలు, నెగ్గినాడు గదా," అని నవ్వేసింది. నేను రిజిస్టర్‌లో 'సంతృప్తికరం' అని రాశాను.

అలా ఎనిమిది యూనిట్లు అయ్యాయి. నెలకు రెండు వారాలు చిన్నమ్మ నా గదిలో ఉండి, మిగతా రెండు వారాలు ఊరికి వెళ్లేది. పిల్లల మార్కులు ఎనభై దాటాయి. చక్రపాణి గారి ఫొటో హోర్డింగుల మీదికెక్కింది, కింద 'జీవితంలోనూ ఫస్ట్ ర్యాంక్' అని. హాస్టలు గేటు మాత్రం తీయలేదు. తీసి ఉంటే ముప్పై మంది ఎర్నమ్మలు ఊరి మీదికి వచ్చేవాళ్లు. ఆ ఊరికి ఎంతో కొంత మేలు జరిగేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేను ఊరికి వెళ్లేసరికి చిన్నమ్మ ఇంటి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురింటి తవుడమ్మ నన్ను చూసి వాకిట్లోనే అందుకుంది.

"వొచ్చినావా సదువుకున్నదానివి. మీ సిన్నమ్మని టీవీలో ఏసినారంట గదా. ఇంక మాలాటోల్లు అగుపడతారేటి."

"ఏమైంది అత్తా?"

"ఏటవాలి? మా ఆయనకి కడుపునొప్పొస్తే నమ్మి ఎంటబెట్టుకెల్లినాను. పొద్దుట్నించి మద్దినేల దాకా వరండాలో కూకోబెట్టినాది. 'ఇదాగుద్దిలే' అన్నాది. నోపల పేగు సితికిపోనాదంట. డాట్రు నన్ను తిట్టినాడు, ఇంతసేపు ఏం సేస్తన్నారని. మడిసి బతికినాడు గానీ, ఆడి మొకం సూడు ఎల్లి."

చిన్నమ్మ ఆ మాటలన్నీ వింది. తవుడమ్మ లోపలికి వెళ్లాక గొంతు తగ్గించి నన్ను అడిగింది.

"ఒలే హైమా, ఆస్పత్రిలో గుమ్మాలన్నీ మార్చేసినారేటే?"

మార్చలేదు. నేను సోమవారం వెళ్లి చూశాను. ముప్పై ఏళ్ల కిందటి గుమ్మాలే, అదే రంగు.

ఆ మధ్యాహ్నమే డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ రిజిస్టర్ తెరిచి ఎనిమిది యూనిట్లూ చూశారు. "తీసింది తిరిగి పెట్టలేం హైమా. ఆవిడ మెదడుకు అది ఇప్పుడు పరాయి జ్ఞాపకం. నిలవదు," అన్నారు. ఇద్దరం చక్రపాణి గారి గదికి వెళ్లాం.

"ఎన్ని యూనిట్లు మిగిలాయి?" అన్నారాయన.

"ఒకటి సార్. చావు కబురు చెప్పడం."

"ఒక్కటే కదమ్మా. సిలబస్ సగంలో ఆపితే పిల్లల భవిష్యత్తు ఏం కావాలి?"

ముప్పై ఏళ్లలో ఆయన ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటారో. ఎవరికీ ఎదురు చెప్పడం రాలేదు, నాకూ రాలేదు. పొద్దున నాతో వచ్చి ల్యాబ్‌లో కూర్చున్న చిన్నమ్మను ఊరికి తీసుకుపోవాలని గుమ్మం దాకా తీసుకొచ్చాను. గుమ్మం దగ్గర ఆవిడే ఆపింది.

"ఒప్పుకున్న పని గదే. ఆకర్ది. అయిపోనిచ్చి ఎల్దాం."

ఒప్పుకున్న పని సగంలో వదలకూడదని నాకూ నేర్పింది ఆవిడే. కూర్చోబెట్టి టోపీ పెట్టాను.

"మీరు చెప్పిన చావు కబుర్లలో అన్నిటికంటే కష్టమైనదాన్ని తలుచుకోండమ్మా," అన్నారు డాక్టరుగారు.

చిన్నమ్మ నా వైపు చూసింది. "దీనికి సెప్పిందే," అంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. చిన్నమ్మ బడికి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ చెబుతూ ఉంటే నేను మీటలు తిప్పుతూ విన్నాను.

"ముందు అన్నం తిన్నావేటని అడిగినాను. నేదంది. క్యారేజీ ఇప్పి తినిపించినాను. కడుపులో ఏటీ నేనోల్లకి సెప్పకూడదు, పడిపోతారు. నాను కింద కూకున్నాను, దాన్ని అరుగు మీద కూకోబెట్టి. మనం పైనుండి సెప్పకూడదు. అరికాళ్లు రెండూ నా సేతుల్తో అట్టుకున్నాను. అలగట్టుకుంటే నేల ఉన్నాదని తెలుస్తాది. అప్పుడు, మీ అమ్మ సచ్చిపోనాదమ్మా అన్నాను. దేవుడికాడికెల్లిందనీ ఊరెల్లిందనీ అనకూడదు. అలగంటే గుంటలు గుమ్మం కాసి కూకుంటారు."

పక్క గదిలో ముప్పై మంది పిల్లలు కళ్లు మూసుకునే ఏడుస్తున్నారు. చక్రపాణి గారికి అది బాగా నచ్చింది. "ఎమోషనల్ కనెక్ట్ వస్తోంది," అన్నారు.

బుధవారం మొదటి రివిజన్. శుక్రవారం రెండోది. సోమవారం మూడోది. మూడోసారి చిన్నమ్మ నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. "ఈ గుంటెవులు?" అని అడిగింది, తన కథలోని గుంట గురించి. మీటర్లలో ముల్లు పడిపోయింది. డాక్టరుగారు యంత్రం ఆపేశారు.

చెప్పిన తీరు మాత్రమే పోతుందని, చెప్పిన సంగతి ఉంటుందని మేమిద్దరం అనుకున్నాం. రెండూ ఒకే మడతలో ఉన్నాయని ఆ మర్నాడు తెలిసింది.

మర్నాడు ఫైనల్. మొదటి అంతస్తు హాల్లో ముప్పై మంది పిల్లలు రాస్తున్నారు. ఇన్విజిలేటరు ఫిజిక్సు సారు. ప్రశ్నపత్రాలు పంచడం నా పని కనుక నేనూ లోపలే ఉన్నాను. చిన్నమ్మను హాలు బయట వరండా బెంచీ మీద కూర్చోబెట్టాను, పరీక్ష కాగానే ఊరికి తీసుకుపోదామని. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరగంట గడిచాక తలుపులోంచి తొంగి చూసింది.

"ఒలే హైమా, ఎల్దామన్నావు. మీ అమ్మేదే? రానేదేటింకా?"

నేను బయటికి వెళ్లాను.

"ఇదుగో, తలుపేయండి," అన్నారు ఫిజిక్సు సారు వెనక నుంచి.

"నిన్నట్నించి సూస్తన్నాను. అప్ప ఏటీ సెప్పకుండా ఎక్కడికీ ఎల్దు. ఊర్లో ఉన్నాదా?" అని అక్క కోసం అడుగుతూ చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

మూడుసార్లు పూర్తిగా విన్నాను, నా సంగతే విన్నాను. రిజిస్టర్‌లో రాశాను, దిద్దడానికి కీ తయారు చేశాను. ఆ కీ కాగితం అప్పుడు నా చేతిలోనే ఉంది. పన్నెండో ప్రశ్న: 'చావు కబురు చెప్పునప్పుడు మొదట చేయవలసినది'. జవాబు: 'ఇ) భోజనము చేసితిరా అని అడుగుట'. కాగితం చూస్తూ కూడా ఆ మాట అడగలేదు. "వస్తుంది చిన్నమ్మా, ఊరెళ్లింది," అన్నాను.

అనకూడనిది సరిగ్గా అదే అన్నాను. ఆవిడ తల తిప్పి గేటు వైపు చూడడం మొదలుపెట్టింది.

తలుపు తెరిచే ఉంది. లోపల ముప్పై మందికీ ఇది వినిపించింది. ఏం చేయాలో ముప్పై మందికీ చేతుల్లో ఉంది, కాళ్లలో ఉంది. చాలామంది తలలెత్తారు. కొందరి కళ్లలో నీళ్లు. ఒకబ్బాయి సగం లేచాడు.

"టైం అవలేదు. కూర్చో," అన్నారు సారు.

కూర్చున్నాడు. అందరూ తలలు దించి పన్నెండో ప్రశ్నకు సున్నా దిద్దారు, 'ఇ' దగ్గర. సరైన జవాబే. మా సంస్థ ఏదైనా నేర్పిందంటే నిజంగా నేర్పింది ఆ ఒక్కటే: గంట కొట్టేదాకా కూర్చోవడం. దాన్ని మించిన పాఠాన్ని ఏ యంత్రమూ పెట్టలేకపోయింది.

మోక్షిత లేచింది.

"ఏయ్, పేపరు తీసేసుకుంటాను."

"తీసుకోండి సార్."

వరండాలోకి వచ్చింది. నన్ను పక్కకు జరపలేదు, నేనే జరిగాను. చిన్నమ్మ ఎదుట కింద కూర్చుంది.

"అన్నం తిన్నావేటి సిన్నమ్మా?"

"నేదమ్మా. ఆకలి నేదు."

"ఒక్క ముద్ద." సంచిలోంచి క్యారేజీ తీసి, పెరుగన్నం నాలుగు ముద్దలు పెట్టింది. తొందరపడలేదు. చేయి కడుక్కుని, కొంగు లేదు కనుక యూనిఫారానికి తుడుచుకుంది. చిన్నమ్మ చెప్పులు విప్పి అరికాళ్లు రెండూ అరచేతుల్లోకి తీసుకుంది.

"మీ అప్ప సచ్చిపోనాదమ్మా. సానా ఏళ్లయినాది. నువ్వే దగ్గరుండి సాగనంపినావు. దాని గుంటని నువ్వే పెంచినావు. ఇదుగో, ఇదే."

చిన్నమ్మ ఏడ్చింది. ఇరవై ఏళ్ల నాటి ఏడుపు కాదు, అప్పుడే విన్న మనిషి ఏడుపు. మోక్షిత కాళ్లు వదల్లేదు. కాస్త తేరుకున్నాక చిన్నమ్మ ఆ పిల్ల ముఖంలోకి వంగి చూసింది.

"ఎంత బాగా సెప్పినావే తల్లీ. ఎవులు నేర్పినారే నీకు?"

మోక్షిత ఆవిడ కాళ్లకు చెప్పులు తొడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చిన్నమ్మ పాఠాల్లో లేదు.

ఫలితాలు వారంలో వచ్చాయి. ఇరవై తొమ్మిది మందికి తొంభై పైనే. మోక్షితకు 'జీవన సిద్ధత'లో ఫెయిల్, హాలు క్రమశిక్షణ ఉల్లంఘన కింద. వాళ్ల నాన్నను పిలిపించి చీవాట్లు పెట్టారు. డాక్టరుగారు జరిగినదంతా రాసి విశ్వవిద్యాలయానికి పంపారు. విచారణ జరుగుతోందంటున్నారు. విచారణకు కూడా సిలబస్ ఉన్నట్టుంది, ఏడాదైనా పూర్తి కాలేదు. శిఖర మాత్రం వచ్చే ఏటికి కొత్త దాత కోసం ప్రకటన ఇచ్చింది: 'జీవితానుభవము గలవారు, చదువు అవసరము లేదు'. నేను ఉద్యోగం మానేశాను. దాన్ని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. మొదటి రివిజన్‌కే మానేయాల్సింది.

ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాం. చిన్నమ్మ అన్నం వండుకుంటుంది, నాతో నవ్వుతుంది, తవుడమ్మతో మళ్లీ మాటలు కలిశాయి. ఎవరికైనా బాగోలేదని వింటే ఇప్పటికీ అందరికంటే ముందు లేస్తుంది, చెప్పులు వేసుకుని వీధిలోకి వస్తుంది. అక్కడ ఆగి, ఎందుకు లేచిందో తెలియక, మళ్లీ లోపలికి వస్తుంది. రోగులతో నేను వెళ్తున్నాను. ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి అడుగుతున్నాను. తప్పు గుమ్మాలకు వెళ్తున్నాను. నాకూ వస్తోంది, మెల్లగా.

ఆవిడను ఎవరైనా "నువ్వేం పని చేసేదానివమ్మా?" అని అడిగితే, "ఏటీ నేదు బాబూ, ఇంటికాడే ఉండీదాన్ని," అంటుంది. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనుకుంటోంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆవిడ పేరు ఎర్నమ్మ. ఇరవై ఆరేళ్లు, భయపడిన మనుషులకు తోడుగా పెద్దాసుపత్రికి నడిచింది. ఆవిడ వల్ల కాదు కనుక, మీరు గుర్తుపెట్టుకోండి.